ఎండలో పెట్టిన ఓడ పుస్తకం

నాకు ఇంగ్లీషు రాదు. మూడో తరగతి దాకా చదువుకున్నాను. పంతులుగారు ఇంగ్లీషు పెద్దక్షరాలు ఇరవయ్యారూ నేర్పి, చిన్నక్షరాల్లో సగానికి వచ్చేసరికి మా నాన్న బడి మాన్పించి మిరప చేను కాపలాకి పంపాడు. తెలుగు, అంకెలు మాత్రం నిలిచాయి. ఇంతోటి దాన్ని ఇంగ్లీషు వాళ్ళ పాత పుస్తకాల గురించి రాయడమేమిటని మీరనుకోవచ్చు. కానీ ఆ పుస్తకాల మూలంగా ఒక వేసవిలో నేను పడ్డ భయం నాకొక్కదానికే తెలుసు. అందుకని నేనే రాయాలి.

మాది జగ్గయ్యపేట. మా కోడలు నందిగామ కాలేజీలో చరిత్ర చెప్పేది. పొద్దున్నే అన్నం డబ్బా కట్టుకుని బస్సెక్కి, దీపాల వేళకు ఇల్లు చేరేది. ఎనభైల ముందు డాక్టరేటు చదువుకు పేరు రాయించుకుంటానంది. "రాయించుకో. వంటింట్లో మాత్రం ఆ సాకు చెప్పకు" అన్నాను. చెప్పలేదు. ఆ మాట ఒప్పుకోవాలి.

తను పట్టుకున్న విషయం మా రోడ్డే. ఇప్పుడు గరికపాడు దాటి హైదరాబాదు దాకా లారీలు పోయే దారి ఉందే, మూడొందల యాభై ఏళ్ళ కిందట బందరులో ఓడ దిగిన ఇంగ్లీషు వర్తకులు ఇంచుమించు ఆ దారినే గోల్కొండకు పోయేవారట. తిరిగి తమ దేశం వెళ్ళాక చూసిందంతా పుస్తకాలుగా అచ్చు వేశారట. వాళ్ళు ఎక్కడెక్కడ బస చేశారు, ఏ ఊళ్ళో ఏరు దాటారు అన్నది మా కోడలు తేల్చాలి. తంటా అంతా ఊళ్ళ పేర్లతోనే. మన పేర్లు వాళ్ళ నోట్లో పడి ఏ ఆకారంలో బయటకు వచ్చాయో వాళ్ళకే తెలియాలి.

అసలు పుస్తకాలు మన దేశంలో దొరకవు. వాటిని పేజీ పేజీ ఫొటో తీసి, ఆ ఫొటోల్నే అచ్చు వేస్తారు. దాన్ని ఫాక్సిమిలీ అంటారని కోడలు చెప్పింది. నా చెవికది చిమ్మిలి అని వినపడింది. నువ్వులూ బెల్లం దంచి చేసే చిమ్మిలి తప్ప నాకు ఇంకోటి తెలియదు. ఇంగ్లీషు సీమ నుంచి చిమ్మిలి పార్సిలేమిటా అని రెండు రోజులు ఆలోచించాను. మా అబ్బాయి ఈ సంగతి పోస్టుమాన్‌కు చెప్పాడు. ఇక చూడండి, వీధి మొదట్లోంచే కేక: "అమ్మగారూ, చిమ్మిలొచ్చిందండీ! సంతకం పెట్టండి!"

ఆ పార్సిళ్ళ కోసం కోడలు పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. పై దేశపు లైబ్రరీలకు ఉత్తరాలు రాసేది. జవాబుకు నెలలు, పార్సిలు ఓడలో రావడానికి ఇంకొన్ని నెలలు. సెలవు దొరికితే బెజవాడలో పాత పుస్తకాల కొట్లన్నీ తిరిగేది. ఒకసారి నాలుగు గంటలు దుమ్ములో వెతికి ఒక్కటంటే ఒక్కటి చంకన పెట్టుకొచ్చింది. నేను విప్పి చూశాను. పేజీల నిండా మరకలు, నల్లటి చుక్కలు.

"ఇవేమిటే?"

"పురుగు తొలిచిన చిల్లులత్తయ్యా. అసలు పుస్తకంలో ఉన్నాయి. ఫొటోలోకీ వచ్చాయి."

"మనింట్లో పురుగులు లేవా? పై దేశం పురుగులు కొట్టిన చిల్లులు కూడా కొనుక్కు తెచ్చుకోవాలా?"

"మళ్ళీ కొత్తగా అచ్చేసిన పుస్తకాలూ ఉన్నాయత్తయ్యా. కానీ వాటిల్లో పేర్లన్నీ సరిచేసేస్తారు. నాకు తప్పులు తప్పులుగానే కావాలి."

ఈ మాట నాకు తలకెక్కలేదు. తప్పు కనపడితే దిద్దకుండా ఎలా ఉంటారు? మా అబ్బాయి సిమెంటు ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చి, ఆ పుస్తకం తీసి గట్టిగా చదివాడు. ఆ కాలం అచ్చులో కొన్నిచోట్ల ఎస్ అక్షరం ఎఫ్‌లా ఉంటుందట. షిప్ సెయిల్డ్ అని చదవాల్సింది వాడు "ఫిప్ ఫెయిల్డ్" అని చదివి, "ఏమోయ్, నీ చరిత్రలో ఓడక్కూడా ఫెయిలేనా!" అన్నాడు.

"మీ ఇంటరు మార్కుల కంటే నయం" అంది కోడలు, గరిటె ఆపకుండానే. నాకు నవ్వొచ్చింది గాని పైకి నవ్వలేదు.

ఆరో ఏడు వచ్చేసరికి ఇంట్లో నవ్వులు తగ్గాయి. ఆ ఏడు మే నెలాఖరుకు సిద్ధాంత గ్రంథం ఇవ్వకపోతే రాయించుకున్న పేరు కొట్టేస్తారు. అంటే ఆరేళ్ళూ నీళ్ళపాలు. అక్కడికి రాయడం అయింది, నాలుగో అధ్యాయం ఒక్కటే చిక్కు. వర్తకులు మున్నేరు దాటింది పెనుగంచిప్రోలు దగ్గరేనని కోడలి వాదన. ఒక పుస్తకంలో ఆ పేరు పెంగాచిపోల్ అని ఉంది, ఇంకోదాంట్లో పెనిగన్‌చెపూల్ అని ఉంది. రెండూ ఒకటేనంటుంది తను. తనకు చదువు చెప్పే ప్రొఫెసరుగారేమో, "అవి రెండు వేరువేరు ఊళ్ళు కావచ్చుగా? ఒకటే అనడానికి ఆధారమేది? చూపించలేకపోతే ఆ అధ్యాయం తీసెయ్" అన్నారట. అది తీసేస్తే మిగతాది కూలిపోతుంది, దారంతా ఆ ఊరి మీదుగానే కట్టింది మరి.

చైత్రంలో ఇంకో పుస్తకం వచ్చింది. ఓడ గుమాస్తా ఒకడు రాసింది కనుక ఇంట్లో దాన్ని ఓడ పుస్తకం అనేవాళ్ళం. ఇది కుట్టిన పుస్తకం కాదు. దళసరి ఫొటో కాగితాలు, ఒక్కో కాగితం మీద ఒక్క పేజీ, వెనక తెల్లగా. కట్ట కట్టి పంపారు. కోడలు ఒకసారి పైపైన చదివింది. ఈలోగా పరీక్ష పేపర్లు దిద్దడానికి గుంటూరు రమ్మని పిలుపొచ్చింది. పన్నెండు రోజులు. తిరిగొచ్చేసరికి గడువు తొమ్మిది రోజులే ఉంటుంది. వెళ్తూ బల్ల మీది కట్ట చూపించి, "దీన్ని మాత్రం కదపకండత్తయ్యా. వచ్చాక మళ్ళీ అక్షరం అక్షరం చూస్తా. ఆధారమంటూ ఉంటే ఇందులోనే ఉండాలి" అంది.

నేను కదపకూడదనే అనుకున్నాను. కానీ ఆ గదిలోకి వెళితే చాలు, ముక్కిపోయిన వాసన. ఉప్పు నీళ్ళ మీద నెలల తరబడి వచ్చిన కట్ట అది. దారం ముడి దగ్గర వేలు పెడితే చెమ్మ తగిలింది. పుస్తకాల్లో పాకే తెల్ల పురుగు ఒకటి కట్ట మీదనుంచి సరసరా పోయింది. ఎదురుగా చూస్తే డాబా మీద వైశాఖపు ఎండ. మిరపకాయలకు, పప్పులకు, వడియాలకు పనికొచ్చే ఎండ కాగితాలకు పనికి రాకుండా పోతుందా? నాలుగో రోజు పొద్దున కట్ట డాబా మీదకు తీసుకెళ్ళాను. పాత చీర పరిచి, కాగితాలు వరసలు వరసలుగా పేర్చి, ఒక్కోదాని మీద ఒక్కో గులకరాయి పెట్టాను. కిందకొచ్చి పప్పు విసురుకుంటూ కూర్చున్నాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

మూడు గంటల వేళ గాలిదుమారం లేచింది. ముందు తలుపులు కొట్టుకున్నాయి. మెట్లెక్కి పైకి వెళ్ళేలోపే, ఎండకు చుట్టలు చుట్టుకుపోయిన కాగితాలు రాళ్ళను దొర్లించేసి లేచిపోయాయి. నా కళ్ళముందే పావురాల గుంపులా పిట్టగోడ దాటాయి. చేతికందినవి కొంగులో వేసుకుని, వీధిలోకి పరుగెత్తాను. ఆ వయసులో నేను పరుగెత్తడం మా వీధి అప్పుడే చూసింది.

పక్కింటి కోడలు గేదెల పాకలోంచి తల బయటపెట్టింది. "ఏం పోయింది పిన్నిగారూ? దస్తావేజులా?"

"కాదు. ఇంగ్లీషు వాళ్ళ ఓడ పుస్తకం."

"ఓస్, పుస్తకమా! నేనింకా పొలం కాగితాలేమో అనుకున్నా."

"నోరు ముయ్యి, ముందు నీ గేదె కాలి కింద చూడు."

"మా గేదె ఇంగ్లీషు తొక్కదులెండి" అంటూనే వెతికి నాలుగు తెచ్చి ఇచ్చింది. ఒకటి ముళ్ళకంపలో, రెండు మురిక్కాలవ అంచున, ఒకటి కుళాయి దగ్గర తడిసి దొరికాయి. చీకటిపడే లోపు వీధి వీధంతా గాలించాను.

మర్నాడు తలుపులేసుకుని, ఫ్యాను కూడా కట్టేసి, అంకెల ప్రకారం పేర్చాను. పేజీ పైన అంకె ఉంది కదా, ఇంకేం కష్టం అనుకున్నాను. తొంభై ఆరు దాకా వచ్చి నా చేయి ఆగిపోయింది. ఆ తర్వాత నూట అయిదే ఉంది. తొంభై ఏడు నుంచి నూట నాలుగు వరకు లేవు. ఎనిమిది కాగితాలు! అన్నీ మళ్ళీ పేర్చాను. మళ్ళీ అంతే. పైగా ఎనభై ఏడు నుంచి తొంభై నాలుగు దాకా రెండేసి ఉన్నాయి. పంపినవాళ్ళు పొరపాటున రెండుసార్లు పంపినట్టున్నారు, మనకు కావలసినవి గాలికి పోయి అక్కర్లేనివి మిగిలాయి అనుకున్నాను. ఆ ఎనిమిదిలోనే మా కోడలి ఊరు ఉండి ఉంటుందని ఎందుకో గట్టిగా అనిపించింది.

మా అబ్బాయికి చెబితే ముందు నవ్వాడు. నా ముఖం చూసి ఆపేశాడు. "మళ్ళీ రాసి తెప్పించరాదట్రా?" అన్నాను. "నాలుగు నెలలు పడుతుందమ్మా. గడువు ఈ నెలాఖరు" అన్నాడు. "గుంటూరుకు కబురు చేయనా?" అని అడిగాడు. వద్దన్నాను. అక్కడ పేపర్లు దిద్దే పిల్ల, కంగారులో ఎవరి మార్కులో తారుమారు చేస్తే ఆ పాపం కూడా నాకే. ఇంకో రెండు రోజులు వెతికాను. వీధి చివర చెత్తకుప్ప కర్రతో తిరగేశాను. అన్నం సయించలేదు. కోడల్ని పొయ్యి దగ్గర, వాకిలి దగ్గర నేను తప్పుపట్టిన సందర్భాలు నూరున్నాయి. ఒక్కసారి కూడా తన ముందు నా తప్పు ఒప్పుకోవలసిన అవసరం రాలేదు. ఇప్పుడు వచ్చింది, మామూలుగా కాదు, ఆరేళ్ళ బరువుతో వచ్చింది.

చివరికి, ఉన్నవైనా పోకుండా కుట్టిద్దామని కట్ట తీసుకుని బైండింగు సాయిబుగారి దగ్గరకు వెళ్ళాను. పెద్దాయన. ఆఫీసు రిజిస్టర్లు, బడి పుస్తకాలు కుడతాడు. చత్వారపు కళ్ళజోడు దారంతో చెవికి కట్టుకుంటాడు. కట్ట విప్పి చూసి, ముందు నన్నే ఎగాదిగా చూశాడు.

"ఏంటమ్మా ఇవి, అప్పడాల్లా వంకర్లు పోయినయ్?"

"ఎండబెట్టా."

"కాగితాల్నా?"

"ఆ, కాగితాల్నే. తిట్టాలనుంటే తిట్టు, ముందు సంగతి విను." ఎనిమిది పోయాయని, ఎనిమిది ఎక్కువున్నాయని చెప్పాను.

ఆయన రెండు ఎనభై ఏడులూ పక్కపక్కన పెట్టాడు. చాలాసేపు చూశాడు. "నంబరు ఒకటే గాని ముఖాలు వేరమ్మా. ఇది దాని నకలు కాదు" అన్నాడు. తర్వాత కాగితం అడుగున, కుడి మూల వేలు పెట్టాడు. వాక్యాలన్నీ అయిపోయాక, ఆ మూల ఒంటరిగా ఒక్క మాట ఉంది. "ఇదేంటో తెలుసా? మా ఇంటి పాత అరబ్బీ కితాబుల్లోనూ ఉంటది. తర్వాతి పేజీలో మొదటి మాటని ముందే ఈడ కింద రాస్తారు. కుట్టేవాడికి గుర్తు. చదువు రాకపోయినా ఈ కింది ముక్క, ఆ పై ముక్క కలిస్తే చాలు, కుట్టెయ్యొచ్చు. మా నాయన నాకు చదువు చెప్పలా, ఇదే చెప్పాడు."

"మరి నంబర్లో?"

"నంబరేసేవాడు నిద్రపోయుంటాడమ్మా. వాడూ మనిషేగా."

తొంభై ఆరు అడుగున ఉన్న ముక్క తీసుకుని ఎనిమిది 'ఎక్కువ' కాగితాల మీద వెతికాం. రెండో ఎనభై ఏడు మొదట్లో అదే ఉంది. అచ్చేసినవాడు తొంభై ఏడు వెయ్యాల్సింది మళ్ళీ ఎనభై ఏడు వేసుకుంటూ పోయాడు! పోయాయనుకున్న ఎనిమిదీ ఇవే. అయినా నమ్మకం చాలలేదు. అంకెలే అబద్ధం చెప్పాక, ఎనిమిదే కాదు, మధ్యలో ఇంకేదైనా పోయి ఉండవచ్చు. సాయిబుగారు కుడతానన్నాడు, నేను వద్దన్నాను. ఇంటికి తెచ్చి మొదటినుంచి ముక్కకు ముక్క కలపడం మొదలుపెట్టాను.

చదవడం కాదు నేను చేసింది, పోల్చడం. ఏ గిన్నెకు ఏ మూతో చూసుకున్నట్టు, కింది మాట ఆకారం కళ్ళలో పెట్టుకుని పైమాట వెతికేదాన్ని. కొక్కెంలా వంగినది, రెండు కొండలున్నది, తోక కిందకు జారినది. మూడు రోజులు పట్టింది. తడిసిన కాగితం ఒక్కటి అలికినట్టయినా, అడుగు మాట మిగిలింది. ఒక్కోటి కలిసినప్పుడల్లా ఊపిరి వదిలి, తర్వాతదానికి మళ్ళీ బిగబట్టాను.

అరవై ఒకటి దగ్గర కలవలేదు.

కింది ముక్క పొడుగు మాట, మొదట పెద్ద పీ. అరవై రెండు పైన ఉన్నదీ పీతో మొదలైన పొడుగు మాటే. కానీ అది కాదు. ఇందులో ఉన్న రెండు కొండలు అందులో లేవు, చివర కూడా వేరు. అంకె వరసగానే ఉందిగా అంటారు మీరు. అంకెను నేను ఇంకెలా నమ్మను? మిగతా కాగితాలన్నీ తిరగేశాను. ఆ మాటతో మొదలయ్యేది ఒక్కటీ లేదు. అంటే ఒకటి పోయింది. ఎనిమిది కాదు, ఒక్కటే. కానీ పోయింది.

కోడలు మర్నాడు మధ్యాహ్నం దిగింది. ఎండకు ముఖం కందిపోయి, సంచి ఇంకా భుజానే ఉంది. మంచినీళ్ళు ఇచ్చాను. తాగేదాకా ఆగి చెప్పాను. "నీ ఓడ పుస్తకం ఎండబెట్టా. గాలికి ఎగిరిపోయింది. అన్నీ తెచ్చా, ఒకటి దొరకలా."

గ్లాసు కింద పెట్టిన చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. కేకలు వేస్తుందనుకున్నాను, వేస్తే బాగుండుననిపించింది. "కదపొద్దన్నాగా అత్తయ్యా" అంది, అంతే. కళ్ళు మాత్రం నిండాయి. "ఏది పోయింది?"

తీసుకెళ్ళి చూపించాను. అంకెల గోల చెప్పబోతే, "ఆ నంబర్ల తప్పు నాకు మొదటే తెలుసు. మీకు చెప్పి ఉండాల్సింది" అంది. ఆ ముక్కతో వీధి చెత్తకుప్ప అంతా నా కళ్ళముందు కదిలింది. అరవై ఒకటి, అరవై రెండు చేతికిచ్చాను. "ఇదిగో, కింద ఒకటుంది, పైన ఇంకోటుంది. నడుమ కాగితం లేదు."

తను కింది ముక్క చదివింది. పైది చదివింది. నిలబడ్డది కాస్తా చాప మీద కూలబడింది. మళ్ళీ చదివింది. అరవై ఒకటి చివరి వాక్యం మెల్లగా పైకి చదివి, ఆగకుండా అరవై రెండులోకి వెళ్ళింది.

"అత్తయ్యా, కాగితం పోలేదు."

"కలవలేదు కదుటే!"

"వాక్యం కలిసింది. 'ఆ రాత్రికి ఏరు దాటి' అని ఇక్కడ ఆగింది, 'పెంగాచిపోల్ అనే ఊళ్ళో దిగాం' అని అక్కడ మొదలైంది. కింద మీరు చూపించిన ముక్క పెనిగన్‌చెపూల్." నా చేయి పట్టుకుంది. చల్లగా ఉంది తన చేయి, మే నెలలో. "అచ్చేసినవాడు ఒకే మాట రెండుసార్లు వేస్తూ రెండు రకాలుగా వేశాడు. రెండూ ఒకటే ఊరని వాడే చెప్పాడు. నేను చదివా గాని ఈ మూల చూళ్ళేదు. చదివేవాళ్ళెవరూ చూడరు."

నాకు సగమే అర్థమైంది. "అయితే ఇది నీకు పనికొస్తుందా?" అన్నాను.

"తెలీదు. సార్ ఒప్పుకోవాలి."

ఆ తొమ్మిది రోజులూ మా ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడుకోలేదు. ఆ రెండు కాగితాలూ అట్టల మధ్య పెట్టుకుని కోడలు ప్రొఫెసరుగారి దగ్గరకు వెళ్ళింది. ఆయన వెంటనే ఒప్పుకోలేదట. అచ్చుకూర్చేవాడి నిర్లక్ష్యం ఆధారమెలా అవుతుందని వాదించారట. ఒక గంట తర్వాత, "అధ్యాయం ఉంచు. కానీ ఖాయమని రాయకు, అయి ఉండవచ్చని రాయి" అన్నారట. ఆ ఒక్క మాట కోసం నందిగామ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నలభై పేజీలు మళ్ళీ కొట్టించాల్సి వచ్చింది. టైపు చేసే అమ్మాయి రెండు పేర్లూ చూసి ఒకటి దిద్దేసింది. కోడలు కార్బన్ కాగితాలతో సహా తీయించి మళ్ళీ కొట్టించింది.

గడువు రోజు పొద్దున్నే మా అబ్బాయి, తను బస్సెక్కారు. నేను వాకిట్లో కూర్చుని, పొద్దు వాలేదాకా ఏ బస్సు హారను విన్నా లేచి చూశాను. సాయంత్రం తను ఒక్కతే ముందు నడిచి వచ్చింది. చేతుల్లో ఏమీ లేదు.

"తీసుకున్నారా?"

"తీసుకున్నారత్తయ్యా. రసీదు ఇచ్చారు." చెప్పులు విడిచి నా పక్కన గడప మీద కూర్చుంది. నా ముందు అలా కూర్చోవడం అదే మొదలు. "ఆ ముక్క తేడా ఎలా కనిపెట్టావని సార్ అడిగారు. మా అత్తగారు చూశారన్నా."

"ఎండబెట్టిన సంగతి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు" అన్నాను. "వాళ్ళు పరీక్షించి ఫలితం చెప్పేదాకా అసలే చెప్పకు."

డాక్టరేటు ఇచ్చామన్న కబురు రావడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా పోస్టుమాన్ మా గుమ్మం ముందు ఆగితే తనకంటే ముందు నేనే లేచేదాన్ని.